మూడున్నర రెట్ల రాయి

ముగ్గురాయిని ఒకసారి చేత్తో ఎత్తినవాళ్ళు దాన్ని మరచిపోరు. చూడ్డానికి మామూలు బూడిదరంగు రాయి. ఎత్తబోతే చేతిని కిందికి లాగుతుంది. దాని ధరంతా ఆ బరువులోనే ఉంది. నీళ్ళ కంటే 4.2 రెట్లు బరువుంటే మొదటి రకం, చమురు బావులు తవ్వేచోటికి పోతుంది. 4.1 వస్తే రెండో రకం. అంతకన్నా దిగితే రంగులు తయారుచేసేవాళ్ళు కొంటారు. కడప దగ్గర ఒక ముగ్గురాయి మిల్లులో, రాళ్ళను పరీక్ష చేసే గదిలో కూర్చుని ఆ ఒక్క అంకె చెప్పడమే పంతొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం.

ఈ పని నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పదో తరగతి తప్పాక పెళ్ళయి, కర్నూలు పడమటి పల్లె నుంచి ఈ వైపుకు వచ్చాను. మిల్లులో మొదట రాళ్ళు కడిగే పని. పరీక్ష చేసే పెద్దాయన రాయిని ఒకసారి ఊరికే, ఒకసారి నీళ్ళలో వేలాడదీసి తూచి, కాగితం మీద భాగహారం చేసేవాడు. ఆయన చేసేలోపు నేను రాళ్ళు రుద్దుతూ మనసులో జవాబు చెప్పుకునేదాన్ని. ఒకరోజు ఆగలేక పైకే అనేశాను. ఆయన పెన్ను ఆపి, లెక్క పూర్తిచేసి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మల్లా చెప్పు" అన్నాడు. ఇంకో మూడు రాళ్ళకు చెప్పించాడు. మూడూ సరిపోయాయి. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాది.

ఆ గదిలో ఒక్క అంకె చాలు. మా గని నుంచి వచ్చిన రాయికి 4.2 వచ్చిందంటే అది ముగ్గురాయే, ఇంకో అనుమానం ఉండదు. అంకె చూడగానే రాయి పేరు చెప్పెయ్యడం అలా అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే మా వదినకు అన్యాయం చేశాను.

మూడేళ్ళ కిందటి మాట. ఆ యేడు తొలకరి వానలు మొహం చాటేశాయి. మా అన్నావదినలకున్న రెండెకరాల ఎర్రనేలలో వేరుశనగ నిలువునా ఎండిపోయింది. వాన వచ్చింది ఉత్తర కార్తెలో, ఇంక ఎందుకూ పనికిరానప్పుడు. పైరుకు పనికిరాకపోయినా రాళ్ళకు పనికొచ్చింది. మా పల్లెల్లో పెద్దవాన పడి మట్టి కడుక్కుపోతే నేల మీద మెరిసే రాళ్ళు తేలతాయి. వాటిలో ఎప్పుడో ఒకటి వజ్రం ఉంటుంది. అందుకని వాన వెలిసిన మరునాటి నుంచి ఊరూ పొరుగూ, అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి కూడా జనం వచ్చి చేలల్లో వంగి వెతుకుతారు.

శుక్రవారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది.

"మే, రాయి దొరికినాది. శనగ గింజంత ఉండాది. తెల్లగా, నీళ్ళ మాదిరి. మీ అన్న సుత్తి కోసం ఎతుకుతాండాడు. నేను దాచిపెట్టినా."

"రాయినా, సుత్తినా?"

"రెండూ."

సుత్తి ఎందుకో మా పల్లెవాళ్ళకు చెప్పక్కర్లేదు. వజ్రమైతే సుత్తి దెబ్బకు పగలదని అక్కడ అందరి నమ్మకం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాయనకు గింజంత రాయి ఒకటి దొరికింది. గుమ్మం ముందున్న బండ మీద పెట్టి కొట్టాడు. పొడి పొడి అయింది. "గాజురాయి" అని నవ్వి, ఆ చేత్తోనే ఊదేశాడు. మిల్లులో చేరి ఏడెనిమిదేళ్ళయ్యాక, ఒక పాత పుస్తకంలో చదివితేగానీ నాకు తెలియలేదు. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రం మీద ఇంకో వజ్రంతో తప్ప దేంతోనూ గీత పడదు, కానీ సుత్తితో కొడితే చక్కగా పగులుతుంది. నాయన ఊదేసింది ఏమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఊదేసిన పొడిని తూచలేం కదా.

"ఆ రెండూ దాచే ఉంచు వదినా. ఆదివారం వస్తా" అన్నాను.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి మైదుకూరు, నంద్యాల మీదుగా కర్నూలు చేరి, అక్కడ ఇంకో బస్సు మారి ఊరు చేరేసరికి పదకొండయింది. చేతిసంచిలో నగల షాపులవాళ్ళు వాడే చిన్న కాటా, నైలాన్ దారం, గాజు గ్లాసు, నా నోటుబుక్కు. దారి పొడవునా చేలల్లో గొడుగుల కింద వంగిన వీపులే.

వదిన కొంగు ముడి విప్పి రాయిని నా అరచేతిలో పెట్టింది. ఆమె చేతివేళ్ళ కొసలు నల్లగా, గట్టిగా ఉన్నాయి. అది మిరపకాయల ఘాటు. మా పడమటి పల్లెల్లో సంక్రాంతి దాటగానే సగం ఊరు గుంటూరు వైపు మిరపకోతకు లారీల్లో పోతుంది. దాన్నే సుగ్గి అంటారు. మూడు నెలలు చేలగట్ల మీద పట్టాల గుడారాల్లో ఉండాలి. అప్పటికి పదకొండేళ్ళుగా వదిన ఏటా పోతోంది. ఆ వేసవిలో తిరిగొచ్చినప్పుడు, వేళ్ళ మంటకు మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని, "ఇంక పోనుమే" అంది. ఆ రాయి వజ్రమైతే చేన్లో బోరు వేయించి, సంక్రాంతి తర్వాత కూడా తన ఇంట్లోనే ఉండాలి. ఆమె అడిగేది అంతే. మేడలు, నగలు ఆమె నోట రాలేదు.

రాయి 1.412 గ్రాములు తూగింది. కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, దారం కట్టిన రాయిని గ్లాసు అడుగుకు తగలకుండా నీళ్ళలోకి దించాను. 0.402. అది రాయి పక్కకు నెట్టిన నీళ్ళ బరువు. అయిదుసార్లు చేశాను. ఒకసారి 0.401, ఒకసారి 0.403, మూడుసార్లు 0.402. భాగిస్తే 3.51.

వజ్రం 3.52 అని నాకు కంఠతా వచ్చు.

"వదినా, వజ్రమే" అన్నాను.

అన్న గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. వదిన మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. లోపలికి పోయి, దండెం మీదున్న పాత పట్టాను, సుగ్గికి తీసుకుపోయే గుడారం పట్టాను, తీసి గొర్రెల కొట్టం మీద కప్పి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో సాయంత్రం మైదుకూరులో బస్సు ఆగినప్పుడు, ఆనాటి అంకెలు నీటుగా ఎక్కిద్దామని నోటుబుక్కు తీశాను. అందులో ఎప్పుడో నా చేత్తో ఎక్కించుకున్న పట్టిక ఉంది. ఏ రాయి నీళ్ళకు ఎన్ని రెట్లు అని. వజ్రం 3.52. రెండు వరసల కింద, నా రాతలోనే: తెల్ల పుష్యరాగం, టోపాజ్, 3.49 నుంచి 3.57.

టీ తాగబోతున్నదాన్ని గ్లాసు పక్కన పెట్టేశాను. గింజంత వజ్రమైతే లక్షలు. అంతే టోపాజ్ అయితే ఏ రంగురాళ్ళ అంగడివాడో కొన్ని వందలిస్తాడు. రెండూ తెల్లగా ఉంటాయి, రెండూ ఒకే బరువు. ముగ్గురాయి గదిలో కూర్చున్నట్టే కూర్చుని, ఒక్క అంకె చూసి పేరు పెట్టి వచ్చాను.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, చెయ్యలేదు. ఖాయం చేసుకోకుండా రెండోసారి నోరు జారకూడదనుకున్నాను. అది ఇంకో తప్పు. సోమవారం పొద్దున సుగ్గికి మనుషుల్ని లెక్కేసుకుంటూ మేస్త్రీ వస్తే, మమ్మల్ని కలుపుకోవద్దు, ఇంకెవర్నైనా చూసుకోమని వదిన చెప్పేసింది.

ఆ వారం నేను చేసిన పని ఇది. మిల్లు ఆఫీసులో చెడిపోయిన కాలిక్యులేటర్లు రెండు అడిగి తెచ్చుకున్నాను. అంకెలు కనబడే అద్దం మీద పల్చటి నల్లటి పొర అతికి ఉంటుంది. రెండింటి నుంచీ దాన్ని బ్లేడుతో లేపాను. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే వెలుతురు కనబడుతుంది. పైదాన్ని పావు చుట్టు తిప్పితే చీకటి. ఆ చీకటి మధ్యలో రాయిని పెట్టి తిప్పాలి. కొన్ని రాళ్ళు చీకటిలోనే ఉండిపోతాయి. కొన్ని రాళ్ళు ఒక పూర్తి చుట్టులో నాలుగుసార్లు వెలిగి ఆరుతాయి. వజ్రం చీకటి రాయి, పుష్యరాగం వెలిగే రాయి. పుస్తకంలో ఉన్న మాటే, నేను కళ్ళారా చూడలేదు. అందుకని మిల్లు ఆవరణలో దొరికిన తేట పలుగురాయి పెట్టి చూశాను, నాలుగుసార్లు వెలిగింది. సీసాపెంకు పెట్టాను, చీకటే. కడపలో నగలు చేసే ఒకాయన దగ్గరికి పోయి, ఉంగరంలో పొదగబోతున్న వజ్రాన్ని ఆయన చేతిలోనే ఉంచి, ఆయన్నే తిప్పమన్నాను. చీకటే. "ఇంతకీ ఏం కనబడాలమ్మా?" అని అడిగాడాయన. "ఏమీ కనబడకూడదు" అంటే నన్నదో మాదిరిగా చూశాడు.

మళ్ళీ ఆదివారం. అదే బస్సులు. వదిన వాకిట్లోనే ఎదురొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"రాళ్ళు కొనే సేటు వచ్చిపోయినాడుమే బుధవారం. తువ్వాలు కింద ఒకటిన్నర చూపించినాడు. ఈ పొద్దు మల్లా వస్తా అన్నాడు. నువ్వుంటే బేరం గట్టిగా చేయొచ్చని ఆపినా."

మా వైపు రాళ్ళ బేరం నోటితో జరగదు. కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కి ధర చెబుతారు. ఒక వేలంటే లక్ష, సగం వేలు నొక్కితే యాభై వేలు. చుట్టూ పదిమంది ఉన్నా అంకె ఆ ఇద్దరికే తెలుస్తుంది.

"ముందు నేనింకోసారి చూడాల వదినా" అన్నాను.

గుంటగా ఉండే గడియారం అద్దంలో కొబ్బరినూనె పోసి, అందులో రాయి వేసి, పైన ఒక పొర, కింద ఒక పొర పెట్టి, అడుగున ఫోన్ టార్చి వేశాను. తిప్పాను. వెలిగింది. ఆరింది. వెలిగింది. నాలుగుసార్లు. రాయిని వేరే పక్కకు పొర్లించి తిప్పాను, ఇంకో పక్కకు పొర్లించి తిప్పాను. అన్ని పక్కలా నాలుగే.

చెప్పాను. మెత్తగా చెప్పే మాటలేవీ దొరకలేదు. "వజ్రం కాదు వదినా. పుష్యరాగం. పోయిన వారం నేను తొందరపడి చెప్పినా."

"మేస్త్రీకి రామని చెప్పేసినానే!"

"తెలుసు. నా తప్పే."

"నీ తప్పైతే నువ్వొస్తావా మిరపకాయలు కొయ్యను?" ఆమె గొంతు లేచింది. "పదహారేండ్లు రాళ్ళు చూస్తాండావు. ఒక వారం నోరు మూసుకోనుంటే ఏం పోయుండేది నీకు?"

అన్న చాలా నెమ్మదిగా అన్నాడు, "ఆ సేటుకు తెలుసునా, ఇది కాదని? తెలిస్తే ఒకటిన్నర ఏమిటికి ఇస్తానంటాడు?"

అదే ప్రశ్న నాకూ వచ్చింది. జవాబు కూడా తట్టింది. సేటుకు ఉన్నది ఒక కాటా, ఒక భూతద్దం. నేను ఎక్కడ పడ్డానో ఆయనా అక్కడే పడ్డాడు.

మూడు గంటలకు సేటు వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "ఏమక్కా, ఏమనుకున్నావు?" అన్నాడు.

వదిన నా వైపు చూడకుండానే చెప్పింది. "అనుకునేదేముండాది సేటూ. ఇది వజ్రం కాదంట. మా ఆడబిడ్డ చూసినాది. పుష్యరాగమంట."

సేటు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "యాడ నుంచి వచ్చినావమ్మా?"

"కడప."

"కడపలో ఎవురు కొంటామన్నారు?"

"ఎవరూ అనలేదు. అది వజ్రం కాదు."

ఆయన పకపకా నవ్వాడు. "ముప్పై ఏండ్లుగా తిరుగుతాండా ఈ పల్లెల్లో. పలుగురాయి తెచ్చి వజ్రమని నాతో కొట్లాడినోళ్ళు శానామంది. తన చేతిలో రాయిని తానే కాదన్నోళ్ళను ఈడనే చూస్తాండా. నాకంటే ఎక్కువ ఇస్తానన్నోడు కడపలో ఉండాడు, అంతేగదమ్మా? చెయ్యి తే అక్కా."

వదిన చేతి మీద తువ్వాలు పడింది. నా కళ్ళెదురుగా ఒక అంకె ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతోంది, నాకు కనబడటం లేదు. వదిన కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. ఆమె వెనక నిలబడ్డ అన్న గొంతు సవరించుకున్నాడు. ఇచ్చెయ్ అని దానర్థం.

రాయి నాది కాదు, చెప్పాల్సింది చెప్పేశాను. గుంజకు ఆనుకుని, వదిన ఏం చేస్తుందా అని చూస్తూ నిలబడ్డాను. సుగ్గి తప్పే దారి ఆమె చేతికి తగులుతూ ఉంది.

వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తువ్వాలు కింద పడింది. లోపలికి పోయి గడియారం అద్దం, రెండు పొరలు, రాయి తెచ్చి అరుగు మీద సేటు ముందు పెట్టింది.

"నువ్వే చూడప్పా. రేపు ఇంటికి పోయి నన్ను తిట్టుకునేది వద్దు."

ఎలా తిప్పాలో నేను చూపించాను. కాలిక్యులేటర్ ముక్కలని తెలిసి ఆయన మళ్ళీ నవ్వబోయాడు. తిప్పాక నవ్వు ఆగింది. రెండోసారి తిప్పుతూ పైకే లెక్కపెట్టాడు, "ఒకటి... రెండు... మూడు... నాలుగు." చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో మూడు రాళ్ళు. ఒక్కొక్కటే నూనెలో వేశాడు. మొదటిది చీకటి. రెండోది చీకటి. మూడోది వెలిగింది.

ఆయన దాన్ని నూనెలోంచి తీసి, తువ్వాలుతో తుడిచి, చాలాసేపు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. "పొద్దున కొన్నా దీన్ని" అన్నాడు.

తర్వాత, "ఈ ముక్కలు ఎంతకిస్తావమ్మా?" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "ముక్కలు అమ్మము. రాళ్ళు తెచ్చుకో, చూసి చెప్తాము. రాయికి యాభై. వజ్రమైనా యాభయ్యే, కాకున్నా యాభయ్యే. ఇప్పుడు మూడు చూసినావు, నూటయాభై."

"దొరసానివక్కా నువ్వు" అంటూనే ఆయన డబ్బులు తీసి అరుగు మీద పెట్టాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో అన్న తల పట్టుకున్నాడు. "ఎంత నొక్కినాడే?"

"రెండున్నర."

"రెండున్నరా! రెండున్నర లక్షలు పెట్టినోని చేతిలో ముక్కలు పెడతావా?"

"నా వేళ్ళు నొక్కినాడు, నాకు తెలీదా ఎంతో? వానొచ్చినప్పుడల్లా చేన్లో నడుం వంచేది నేను. ఇంకో రాయి దొరుకుతాది. అప్పుడు ఎవురికమ్మాల? నీ సుత్తికా?"

ఆ రోజు నేను సాయంత్రం బస్సు ఎక్కలేదు, మిల్లుకు సెలవు చెప్పాను. ఒక్క పరీక్షను నమ్మి ఒకసారి బోర్లా పడ్డాను, అదే తప్పు వదిన చేత చేయించకూడదనుకున్నాను. చీకటిగా ఉన్నంత మాత్రాన వజ్రం కాదు, సీసాపెంకు కూడా చీకటే. బరువు 3.52 రావాలి, వెలుతురు రాకూడదు, రెండూ కలవాలి. కాటా ఆమెకే వదిలేశాను. అయిదో తరగతి దాకా చదివిన మనిషి, భాగహారం మీద నమ్మకం లేదంది. అందుకని ఒక అట్ట మీద రాయి బరువు ఇంత ఉంటే నీళ్ళలో కాటా ఇంత చూపించాలి అని, అర గ్రాము నుంచి అయిదు గ్రాముల దాకా పట్టిక వేసిచ్చాను. రెండు రోజులు పట్టింది. పుష్యరాగాన్ని ఆమె అమ్మలేదు. ఎవరైనా రాయి తెస్తే ముందు దాన్ని చూపించి, కాని రాయి ఎలా వెలుగుతుందో తెలిపేదానికి ఉంచుకుంది.

ఆ జనవరిలో అన్నావదినలు సుగ్గికి పోయారు. మేస్త్రీని బతిమాలితే చివరి లారీలో చోటు దొరికింది. ఫిబ్రవరిలో ఒకరోజు వదిన ఫోన్ చేసింది. గాలి హోరులో మాట సరిగా వినబడలేదు. "ఈడంతా నల్లనేలమే. ఒక్క రాయి కనబడదు" అంది. వేళ్ళెలా ఉన్నాయని అడిగే ధైర్యం నాకు రాలేదు.

తర్వాతి యేడు తొలకరి బాగా పడింది. వదిన అరుగు మీద కాటా, అట్ట, గడియారం అద్దం పెట్టుకుని కూర్చుంది. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం సేటు తన రాళ్ళు పట్టుకొచ్చాడు. ఆయన వచ్చాడని ఇంకో ఇద్దరు వ్యాపారులు వచ్చారు, వాళ్ళు వస్తున్నారని రాయి దొరికినవాళ్ళు వరస కట్టారు. చాలామందికి ఆమె చెప్పేది ఒకటే మాట, "కాదప్పా." కొందరు తిట్టిపోయారు. సుత్తి మాత్రం ఆ వీధిలో ఎవరూ ఎత్తలేదు.

దసరా సెలవులకు నేను ఊళ్ళో ఉన్నాను. వదిన సంపాదన మొత్తం కూడి చూశాను. సుగ్గిలో ఇద్దరూ తెచ్చేదాంట్లో సగానికి కొంచెం పైన, అంతే. గొర్రెపిల్లల మీద వచ్చేది కలిపినా తక్కువే. బోరు మాట ఎత్తే పనే లేదు. దాచకుండా చెప్పాను. చెప్పకుండా ఉండటం ఎంత తప్పో చెప్పడానికి తొందరపడటం అంతే తప్పని తెలుసు కాబట్టి, రెండుసార్లు సరిచూసుకునే చెప్పాను.

"మా ఇంట్లో మేము పండుకునేదానికి ఎంత కట్టినావు ఆ లెక్కలో?" అని అడిగింది వదిన.

కట్టలేదన్నాను.

"కట్టి మల్లా కూడు."

ఆ మధ్యాహ్నమే మేస్త్రీ వచ్చాడు, చేతిలో పేర్ల పుస్తకం పట్టుకుని. వదిన ఎవరిదో రాయి తిప్పుతూ ఉంది. తలెత్తలేదు.

"ఆ పక్కకు నిలబడప్పా, వెలుతురుకు అడ్డమొస్తాండావు. మా ఇద్దర్నీ తీసెయ్."

"మల్లా పోయిన తూరి మాదిరి వచ్చి బతిమాలితే?"

"రాము."

మేస్త్రీ అరుగు అంచున కూర్చుని రెండు పేర్లు కొట్టేశాడు. కొట్టేసి కూడా లేవలేదు. అటూ ఇటూ చూసి, పంచె మడతలోంచి కాగితంలో చుట్టిన గింజంత రాయి తీశాడు.

"దీన్ని గూడా ఒకసారి చూడక్కా."

"ముందు యాభై పెట్టు" అంది వదిన.